బయలు బాట: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కాజీపేటలో ఉంటాను. 30 ఏళ్లకు పైగా రైలింజన్ నడిపి రిటైరయ్యాను. సోమవారం వేయి స్తంభాల గుడికి, గురువారం దర్గాకు వెళ్తాను. అప్పుడప్పుడు ఫాతిమా చర్చిలో వెనక బెంచీలో కాసేపు కూర్చొని వస్తాను. ఇదంతా చూసి చుట్టాలు, పాత డ్యూటీ దోస్తులు, కాలనీ పిల్లలు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. కొందరు నిజంగా తెలుసుకోవాలని అడుగుతారు, కొందరు నా మీద దిగులుతో అడుగుతారు. నిలబడి రెండు ముక్కలు చెబితే ఎవరికీ తృప్తి ఉండదు. అందుకే కూర్చొని రాశాను.

ఇంతకీ ఇదేంటి? కొత్త మతం పెట్టారా?

లేదు. నాకు శిష్యులు లేరు, మఠం లేదు, దీక్ష లేదు. ఇది ఒక మనిషి తన బతుక్కి తాను వెతుక్కున్న దారి.

నేను నమ్మేది ఇంతే. మనిషికి, దేవుడికి మధ్య అడ్డం ఉన్నది "నేను" అనే పట్టు ఒక్కటే. అది సడలినప్పుడు ఏం మిగులుతుందో దాన్నే నేను దేవుడు అనుకుంటాను. ఆ పట్టు సడలించే పనిముట్టు ప్రతి సంప్రదాయంలోనూ ఒకటుంది. ఒకచోట నామం, ఒకచోట ఊపిరి, ఒకచోట క్షమాపణ, ఒకచోట పంక్తి భోజనం. చేతనైనంతవరకు ఆ పనిముట్లు పట్టుకోవడం నేర్చుకుంటున్నాను.

"బయలు బాట" అనే పేరు ఎందుకు?

చిన్నప్పుడు మా ఊరికి ఏక్‌తార పట్టుకొని తత్వాలు పాడేవాళ్లు వచ్చేవారు. వాళ్ల నోట పదే పదే రెండు మాటలు వినిపించేవి: ఎరుక, బయలు. ఇవి బయలే అసలు సత్యమని చెప్పే అచల సంప్రదాయం గురువుల మాటలని పెద్దయ్యాక తెలిసింది. ఎరుక అంటే "నేనున్నాను, నాకు తెలుసు" అనే తెలివి. బయలు అంటే ఆ తెలివి పుట్టకముందూ, పోయిన తర్వాతా ఉండేది, అంచుల్లేనిది. పొలం పనికి పోయే మా అవ్వకు మాత్రం బయలు అంటే గోడలూ కంచెలూ లేని ఖాళీ చోటు. నాకు రెండు అర్థాలూ కావాలి.

కాజీపేట దర్గాలో ఉన్నది హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ. బియాబాన్ అంటే ఫార్సీలో మనిషి అలికిడి లేని చోటు, ఎడారి. ఈ సంగతి ఒక మౌల్వీ గారు చెప్పిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. బయలు తెలుగు మాట, బియాబాన్ ఫార్సీ మాట. రెంటికీ చుట్టరికం లేదు. అయినా నేను పుట్టి పెరిగిన చోట, నేను రోజూ డ్యూటీ ఎక్కిన స్టేషన్‌కు కూతవేటు దూరంలో, నేను వెతికే మాటే ఇంకో భాషలో పేరై ఉంది. తెలుగు బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో క్రీస్తు తనను తాను "రిక్తుని"గా చేసుకున్నాడని ఉంటుంది. రిక్తం అంటే ఖాళీ. అదీ బయలే.

ఇంకో కారణం కూడా ఉంది. బండి కదలడాన్ని మనం "బయలుదేరింది" అంటాం. నా ఉద్యోగమంతా ఆ మాటలోనే గడిచింది.

ఎలా మొదలైంది?

అందరూ అడిగేది ఇదే. చెప్పడం కష్టమైనదీ ఇదే.

రామగుండం వైపు నుంచి బొగ్గు బండి తెస్తున్నాను. రాత్రి రెండు దాటింది. హెడ్‌లైట్ వెలుగులో పట్టాలు దాటుతూ ఒక మనిషి కనిపించాడు. చేతిలో స్టీలు టిఫిన్ క్యారియర్ ఉంది. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు, ఎమర్జెన్సీ బ్రేక్ వేశాను. కానీ నిండు బొగ్గు బండి వేసినచోట ఆగదు. దగ్గర దగ్గర కిలోమీటరు పోయి ఆగుతుంది. ఆ కిలోమీటరంతా ఇంజన్‌లో కూర్చొని ఉండటం తప్ప మనం చేయగలిగింది ఏమీ ఉండదు. ఆయన ముఖం నాకు గుర్తులేదు. ఆ క్యారియర్ మెరుపు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

రిపోర్టు ఇచ్చాం, బండి నడిపాం. "నీ తప్పేం లేదు" అని అందరూ అన్నారు. నిజమే. కానీ నాకు నిద్ర పోయింది. మూడు నెలలు తిరగని చోటు లేదు. భద్రకాళి అమ్మవారికి కుంకుమార్చన చేయించాను. వేములవాడ వెళ్లి కోడె కట్టాను. చర్చికి వెళ్లి కొవ్వొత్తి వెలిగించాను. చివరికి ఒక గురువారం దర్గాలో కూర్చున్నాను. నెమలీకల కట్టతో అందరి తలలూ తాకుతూ వస్తున్న ముసలాయన నా దగ్గర ఆగాడు.

"ఎవరి కోసం వచ్చినవ్ బేటా?" అని అడిగాడు.

"నా మనసు బాగలేదు బాబా, నిద్ర పడతలేదు" అని జరిగిందంతా చెప్పాను.

ఆయన అంతా విని, "అచ్ఛా. మరి ఆ పోయినాయన కోసం ఎప్పుడన్న దువా చేసినవా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలుగా గుడిలో, చర్చిలో, దర్గాలో నేను అడిగింది ఒక్కటే: నా నిద్ర, నా శాంతి, నా పాపం. ఆయనకు ఇల్లుందా, ఆ టిఫిన్ ఎవరు కట్టిచ్చారు, ఎవరు ఎదురుచూస్తూ కూర్చున్నారు అని ఒక్కసారి కూడా అనుకోలేదు. దుఃఖంలో కూడా నన్ను నేనే పట్టుకొని ఉన్నాను. ఆ రోజు ఆయన కోసం చేతులెత్తాను. దువా ఎలా చేయాలో తెలియదు, తెలుగులోనే అడిగాను. ఆ రాత్రే నిద్రపట్టిందని చెప్పను. కానీ దారి అక్కడ మొదలైంది.

ఏ సంప్రదాయం నుంచి ఏం తీసుకున్నారు?

చాలావరకు రన్నింగ్ రూమ్‌లోనే చదివాను. అటు బల్లార్షాలో బండి దిగి మళ్లీ డ్యూటీ వచ్చేదాకా గంటలకు గంటలు ఖాళీ ఉండేది. కొందరు పేకాడేవారు, కొందరు నిద్రపోయేవారు. నా సంచిలో ఒక పుస్తకం ఉండేది.

ఉపనిషత్తుల్లో నన్ను పట్టుకున్నది ఛాందోగ్యంలోని ఉప్పు కథ. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుతో నీళ్లలో ఉప్పు వేయిస్తాడు. మర్నాడు ఆ ఉప్పు తీసి ఇమ్మంటాడు. అది కనిపించదు. పైన తాగి చూడు, నడుమ తాగి చూడు, అడుగున తాగి చూడు అంటాడు. అంతటా ఉప్పే. చూస్తే దొరకనిది రుచి చూస్తే దొరుకుతుందని ఒక తండ్రి కొడుక్కి చెంబెడు నీళ్లతో చూపించాడు. బృహదారణ్యకంలోని "నేతి నేతి" కూడా నాకు రోజూ పనికొస్తుంది. ఇది కాదు, ఇదీ కాదు అనుకుంటూ పోవడం. కోపం వచ్చినప్పుడు "ఇది నేను కాదు" అనుకుంటే సగం దిగిపోతుంది.

బుద్ధుడి నుంచి ఊపిరి తీసుకున్నాను. మన పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. బౌద్ధం ఎక్కడో హిమాలయాల దగ్గరిది అనుకునేవాళ్లకు ఆ చోటు చూపించాలి. వచ్చే ఊపిరిని వస్తున్నట్టు, పోయే ఊపిరిని పోతున్నట్టు గమనించడానికి ఏ దేవుణ్నీ నమ్మనక్కర్లేదు. అందుకే దేవుడు లేడనే మా అల్లుడికి కూడా ఇది చెప్పగలిగాను.

జైనం నుంచి రెండు తీసుకున్నాను. ఒకటి అనేకాంతవాదం: ఏ వస్తువుకైనా ఎన్నో ముఖాలుంటాయి, నేను చూసింది ఒక్కటే. రెండోది పర్యూషణం అనే పండుగ చివర వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే "మిచ్ఛామి దుక్కడం". తెలిసో తెలియకో నొప్పించి ఉంటే ఆ తప్పు తుడిచిపెట్టుకుపోవాలని అడగడం. హనుమకొండ పద్మాక్షి గుట్ట ఎక్కితే రాతిలో చెక్కిన తీర్థంకరులు కనిపిస్తారు. అది మొదట బసది, అంటే జైనుల గుడి అని 1117 నాటి శాసనం చెబుతుంది. ఇప్పుడు పైన అమ్మవారికి పూజలు జరుగుతాయి. సద్దుల బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్లంతా గుట్ట కింది చెరువులో బతుకమ్మలు వదులుతారు. ఆ తీర్థంకరులు ఆ పాటలు వింటూ అట్లాగే నిలబడి ఉంటారు.

సూఫీల నుంచి జిక్ర్ తీసుకున్నాను, అంటే నామస్మరణ. ఫనా అనే మాట కూడా వాళ్లదే. ఫనా అంటే కరిగిపోవడం. అక్కడితో ఆగరు వాళ్లు, దాని తర్వాత బఖా ఉంటుంది, అంటే నిలిచి ఉండటం. కరిగినవాడు మళ్లీ బజారుకు పోవాలి, బియ్యం తేవాలి, పిల్లల ఫీజు కట్టాలి.

క్రైస్తవ సాధకుల నుంచి మౌనం తీసుకున్నాను. 14వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో తన పేరు చెప్పుకోని ఒకాయన, దేవుడు ఆలోచనకు దొరకడు, ప్రేమకే దొరుకుతాడు, చిన్న మాట ఒకటి ఎంచుకొని దాన్ని గుండెకు కట్టుకో అని రాశాడు. జిక్ర్ అన్నా, జపం అన్నా, ఇదన్నా నా చేతికి ఒకేలా తగిలాయి.

సిక్కుల లంగర్ గురించి కులం ప్రశ్న దగ్గర చెబుతాను.

అంటే అన్ని మతాలూ ఒకటేనా?

కాదు. ఈ మాట అన్నప్పుడు చాలామంది నిరాశపడతారు. కానీ "అన్నీ ఒకటే" అనేవాళ్లు ఏ ఒక్కదాన్నీ సరిగా వినలేదని నాకు అనిపిస్తుంది. ఉపనిషత్తు ఆత్మ ఉందంటుంది. బుద్ధుడు అనాత్మ అంటాడు. ఇస్లాంలో సృష్టించినవాడు వేరు, సృష్టి వేరు. సూఫీల్లోనే ఇబ్న్ అరబీ దారిలో నడిచినవాళ్లు ఉన్నదంతా ఒక్కటే అంటే, షేక్ అహ్మద్ సర్హిందీ దాన్ని ఒప్పుకోలేదు. ఒక్కటిగా కనిపించడం వేరు, ఒక్కటి కావడం వేరు అన్నాడు. ఇంత ఆలోచించిన మనుషుల మాటల్ని కలిపి కొట్టి ఒకే పచ్చడి చేయడం వాళ్లకు మర్యాద కాదు.

నా మనసులో ఉన్న బొమ్మ వేయి స్తంభాల గుడి. రుద్రదేవుడు 1163లో కట్టించాడు. అది త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులు. మూడూ వేరు, దేని గడప దానిదే. కానీ మూడింటికీ ఎదురుగా ఉన్న మండపం ఒక్కటే. ఆ మండపం మధ్యలో నల్లరాతి మీద కూర్చుంటే ఏ గడపా దూరం కాదు. నేను కూర్చునేది అక్కడ.

కాళేశ్వరం వెళ్లినవాళ్లకు ఇంకో బొమ్మ తెలుసు. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడు, అంటే యముడు. రెండోది ముక్తీశ్వరుడు. ఇద్దరూ ఒకే పీట మీద కూర్చున్నారు. ఒకరిలో ఒకరు కలిసిపోలేదు.

ఇష్టమైనవి ఏరుకోవడం సులువే కదా? కష్టమైనవి వదిలేస్తున్నారేమో?

ఈ ప్రశ్న నన్ను నేను కూడా అడుగుతుంటాను. దీనికి భయపడే ఒక నియమం పెట్టుకున్నాను: ఎక్కడి నుంచి తీపి తీసుకుంటే అక్కడి చేదు కూడా తీసుకోవాలి. ఖవ్వాలీ విని కళ్లనీళ్లు పెట్టుకుంటే సరిపోదు. రంజాన్‌లో కొన్ని రోజులైనా పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మంచినీళ్లు ముట్టకుండా ఉండి చూడాలి. ఒకసారి మే నెలలో పడింది. రామగుండం ఎండలో ఇంజన్ క్యాబిన్ ఎంత కాగుతుందో నడిపినవాళ్లకు తెలుసు. డ్యూటీ రోజున నేను ఉండలేదు, ఉండకూడదు కూడా, వెనకాల బండి ఉంది. రెస్ట్ రోజున ఉన్నాను. ఆకలికంటే ముందు నా నోటి దురుసు బయటపడింది. అదీ నేర్చుకోవాల్సింది.

రామకృష్ణ పరమహంస 1866లో ఇస్లాం సాధన చేసినప్పుడు ఊరికే మెచ్చుకోలేదు. ఆ కొన్ని రోజులు కాళీ గుడివైపు పోలేదు, నమాజు చేశాడు, వాళ్లలాగే తిన్నాడు, కట్టాడు. పూర్తిగా అందులో మునిగాడు. ఆయన ఎక్కడ, నేనెక్కడ. కానీ పద్ధతి అది.

ఒక దేవుణ్ని నమ్మి ఇంకొకరి దగ్గరికి వెళ్తే కోపగించుకోరా?

బమ్మెర మనకు ఎంత దూరం? జనగామ జిల్లాలోనే ఉంది. ఆ ఊరి పోతన భాగవతం ఎలా మొదలుపెట్టాడో ఆయనే చెప్పుకున్నాడు. చంద్రగ్రహణం రాత్రి గంగలో మునిగి, ఇసుకతిన్నె మీద కూర్చొని, కళ్లు అరమోడ్చి మహేశ్వరుణ్ని ధ్యానిస్తున్నాడు. కనిపించింది రామభద్రుడు. రాయమన్నది కృష్ణుడి కథ ఉన్న భాగవతం. శివుణ్ని పిలిస్తే రాముడు పలికాడు, రాముడు చెబితే కృష్ణుణ్ని పాడాడు. ఇందులో ఏ దేవుడికీ కోపం రాలేదు.

దర్గాలకు వెళ్లడం మా మతంలోనే తప్పు అనే ముస్లిం దోస్తులు నాకున్నారు. వాళ్లతో వాదించను. వాళ్ల ఇంటి గడప వాళ్లది. మొక్కుకోవడం అల్లాకు మాత్రమే అని వాళ్లు చెప్పేది ఎంత గట్టి మాటో నాకు తెలుసు. అందుకే నేను దర్గాలో వరాలు అడగను, కూర్చొని వస్తాను.

విగ్రహాన్ని పూజిస్తారా, నిరాకారాన్నా?

మేడారం పోయి చూడండి. రెండేళ్లకోసారి మాఘ మాసంలో లక్షల మంది వస్తారు. గద్దెల మీద విగ్రహం ఉండదు. కన్నెపల్లి నుంచి సారలమ్మను తెస్తారు. చిలకలగుట్ట మీది నుంచి కోయ పూజారులు సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తారు. అంతమంది జనం ఆ భరిణె దిగివస్తున్నప్పుడు ఊగిపోతారు. వాళ్లు మొక్కేది ఆకారానికా, నిరాకారానికా? ఆ ప్రశ్న అక్కడ నిలబడదు. ఎత్తు బెల్లం తూచి "బంగారం" అని ఇస్తారు. ఆ క్షణంలో అది బంగారమే.

మా నాయనమ్మ ఇంట్లో మల్లన్న పట్నం వేయించేది. ఒగ్గు పూజారులు వచ్చి పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడి, బియ్యప్పిండితో నేల మీద గీతలు గీసేవారు. రెండు వేళ్ల మధ్య నుంచి పొడి సన్నగా జారుతుంటే ఊపిరి కూడా గట్టిగా వదలనిచ్చేది కాదు నాయనమ్మ. గంటల తరబడి వేసిన పట్నం. కథ చెప్పి, పూజ అయిపోయాక, దాన్ని దాటుతూ చెరిపేసేవారు. నాకు ఏడుపొచ్చేది. "ఎందుకు చెరుపుతున్రు?" అంటే, "వచ్చినాయన పోయిండు బిడ్డా, ఇంక పీట ఎందుకు?" అనేది. ఏళ్ల తర్వాత టిబెట్ భిక్షువులు రంగు ఇసుకతో రోజుల తరబడి మండలం వేసి, చివరికి ఊడ్చి నీళ్లలో కలిపేస్తారని చదివినప్పుడు నాయనమ్మ గొంతే వినిపించింది. ఆకారం కావాలి. అది చెరిగిపోవాలి కూడా.

రోజూ ఏం చేస్తారు?

పెద్దగా ఏమీ లేదు. పొద్దున నాలుగున్నరకు లేచి 20 నిమిషాలు ఊపిరి చూసుకుంటూ కూర్చుంటాను. తర్వాత నా కోసం ఏదైనా అడిగేముందు ముగ్గురి కోసం అడుగుతాను. అందులో మొదటి మనిషి ఎప్పుడూ ఆ టిఫిన్ క్యారియర్ ఆయనే. రాత్రి పడుకునేముందు ఆ రోజు ఎవరిని నొప్పించానో గుర్తుచేసుకుంటాను. వాళ్లు ఇంట్లోవాళ్లయితే లేచి వెళ్లి చెప్తాను, బయటివాళ్లయితే మర్నాడు ఫోన్ చేస్తాను. ఇది అన్నిటికంటే కష్టం.

మధ్యలో పొద్దంతా నామం. ఇది ఎందుకో ఇంజన్ నడిపినవాడిగా చెప్తాను. మా ముందు ఒక పరికరం ఉంటుంది. నిమిషం పాటు డ్రైవర్ ఏదీ ముట్టుకోకపోతే ముందు దీపం వెలుగుతుంది. అప్పుడు బటన్ నొక్కాలి. నొక్కకపోతే బజర్ మోగుతుంది. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే బ్రేకులు పడి బండి ఆగిపోతుంది. మనిషి కళ్లు తెరిచే నిద్రపోగలడని తెలిసినవాళ్లు దాన్ని తయారుచేశారు. నామం నాకు ఆ బటన్. అలాగే ఎదురుగా సిగ్నల్ వస్తే నేనూ, నా అసిస్టెంటూ ఇద్దరం దాని రంగు పైకి చెప్పాలి. ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటుంది, అయినా చెప్పాలి. కనిపించడం వేరు, గమనించడం వేరు. దేవుడి పేరు ఎందుకు పైకి అనాలి, మనసులో ఉంటే చాలదా అని అడిగేవాళ్లకు ఇదే నా జవాబు.

ఏ నామం అంటారా? మీ అమ్మ నోట మొదట విన్నది. కొత్తది వెతకొద్దు.

ధ్యానంలో వెలుగులు, శబ్దాలు వస్తాయా? మీకేమైనా అనుభవం అయిందా?

ఒక్కసారి. తెల్లవారుజామున మంచిర్యాల దాటి గోదావరి వంతెన మీదికి వచ్చాం. నీళ్ల మీద మంచు ఉంది. వంతెన మోత, హ్యాండిల్ మీద చెయ్యి, తూర్పున ఎరుపు, అన్నీ ఉన్నాయి, వాటిని చూస్తున్న నేను మాత్రం లేను. వంతెన దాటేలోపు అయిపోయింది. ఎంత హాయి అంటే చెప్పలేను. ఇలాంటి అనుభవాలు మాటకు అందవని, ఎక్కువసేపు నిలవవని అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1902లోనే రాశాడు. అది అక్షరాలా నిజం.

అదే రోజు మధ్యాహ్నం రన్నింగ్ రూమ్‌లో చారు చల్లగా ఉందని వంటాయన మీద అరిచాను. అందుకే అనుభవాన్ని కొలతగా తీసుకోను. "నేనే సత్యం" అన్న సూఫీ మన్సూర్ హల్లాజ్‌ను 922లో బాగ్దాద్‌లో చంపారు. ఆ మాట అనడానికి అర్హత ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు, నేను మాత్రం కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. తిండి, నిద్ర మానేసి కూర్చొని, గొంతులు వినిపిస్తున్నాయి, ఎవరో ఆజ్ఞాపిస్తున్నారు అంటే అది సాధన కాదు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. యాక్సిడెంట్ తర్వాత నేను కూడా వెళ్లాల్సింది. మూడు నెలలు ఊరికే నలిగాను.

గురువు ఎవరు? ఫీజు ఏమైనా ఉందా?

నెమలీకల బాబా అడిగిన ఆ ఒక్క ప్రశ్న చాలు నాకు. తర్వాత ఆయన కనిపించలేదు. ఫీజు లేదు. ఇలాంటి విషయానికి ఎవరైనా డబ్బులడిగితే లేచి వచ్చేయండి.

మాంసం, కల్లు మానేయాలా?

నేను మానేశాను, ఒంటికి పడక. మీకు చెప్పను. మా ఊళ్లో పోచమ్మకు కోడి, కల్లు సాకతోనే మొక్కు తీరుతుంది. ఆ భక్తిని తక్కువ చేసి మాట్లాడే హక్కు సాత్వికాహారం తిన్నంత మాత్రాన రాదు.

మొక్కులు తీరుతాయా? కర్మను నమ్ముతారా?

వేములవాడ గుడి ఆవరణలోనే దర్గా ఉంది. రాజన్నకు కోడె కట్టినవాళ్లు అక్కడా చేతులెత్తి వెళ్తారు. వాళ్ల ముఖాలు చూస్తే మొక్కు అంటే లంచం అని నేను అనలేను. భయపడిన మనిషి ఎవరిదో చెయ్యి పట్టుకోవడం అది. తీరుతుందా అంటే, కొన్ని తీరతాయి, కొన్ని తీరవు.

కర్మ గురించి మాత్రం నాకు ఒక పట్టుదల ఉంది. "ఆయన కర్మ అట్లుంది, నువ్వు నిమిత్తమాత్రుడివి" అని ఒక పెద్దమనిషి నన్ను ఓదార్చాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ చచ్చిపోయినవాడి మీద లెక్క రాసి నా బరువు దించుకోవడం నాకు తప్పనిపించింది. కర్మ సిద్ధాంతం నా పనులకు వాడుకుంటాను. ఎదుటివాడి కష్టానికి వాడను.

కులం సంగతి?

ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. "నేను" అనే పట్టు గురించి గంటలు గంటలు ప్రవచనం చెప్పి, భోజనాల దగ్గర పంక్తి మారేవాళ్లను చూశాను. మన "నేను"లో అన్నిటికంటే లోతుగా దిగిన మేకు కులమే. అది కదలకపోతే మిగతా సాధనంతా పైపూత.

ఎవరో బయటివాళ్లు నేర్పాల్సిన పని లేదు. పాల్కురికి సోమన మన పాలకుర్తివాడు. 13వ శతాబ్దంలోనే చాకలి, కుమ్మరి, మాదిగ భక్తుల కథలు నోరారా జాను తెనుగులో చెప్పాడు. పీర్ల పండుగ చూడండి. పరకాల దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో పీరు ఎత్తుకునేది మా మేనమామ. పదిరోజులు చెప్పులు తొడగకుండా ఉండేవాడు. దట్టీలు కట్టిన పీరు భుజానికెత్తుకొని, ఊదు పొగలో, అలావా అనే నిప్పుల గుంత చుట్టూ తిరుగుతుంటే ఆయన నాకు తెలిసిన మామలా ఉండేవాడు కాదు. ఇంటింటి నుంచి మలీదలు వచ్చేవి. ఎవరింటి మలీద ఎవరి చేతిలో పడిందో ఎవరూ చూసేవారు కాదు. ఆ పదిరోజులు. పదకొండో రోజు మళ్లీ ఎవరి బావి వాళ్లదే. అది నన్ను చిన్నప్పుడే గుచ్చింది.

గురునానక్ దీన్ని పండుగకు వదల్లేదు, రోజూ చేసే భోజనంలోనే పెట్టాడు. లంగర్‌లో రాజైనా కూలీ అయినా ఒకే వరుసలో నేల మీద కూర్చోవాలి. సిక్కుల గురుగ్రంథంలో నేతపని చేసిన కబీరు, చెప్పులు కుట్టిన రవిదాసు, సూఫీ షేక్ ఫరీదు పదాలు గురువుల పదాల పక్కనే ఉన్నాయి. ఆ గ్రంథం ముందే అందరూ తల వంచుతారు. నాకు తెలిసి ఇంత స్పష్టంగా చేసి చూపించినవాళ్లు తక్కువ.

ఇంట్లోవాళ్లు ఏమంటారు?

మా ఆవిడ మొదట్లో భయపడింది, ఎక్కడ ఇల్లు వదిలేసి పోతానో అని. తర్వాత ఒకరోజు, "దేవుని కాడ గంత మెత్తగుంటవ్, ఇంట్ల గిన్నె చప్పుడైతే సహించవ్. గా మెత్తదనం కొంచెం ఇటు తేరాదు?" అన్నది. చదివిన పుస్తకాలన్నిటిలో అంత సూటి మాట నాకు దొరకలేదు. అప్పటినుంచి ఆమె చెప్పిందే నా పరీక్ష పేపరు. ఆమె మాత్రం ఏ బాటా మార్చుకోలేదు. శుక్రవారం దీపం, ఏటా బతుకమ్మ, అంతే. నాకంటే ముందుందని నా నమ్మకం.

పిల్లలకు ఇది నేర్పాలా?

ముందు వాళ్ల ఇంటి పద్ధతి నేర్పండి. ఒక గడప కూడా తెలియనివాడికి మండపం ఎందుకు ఉందో అర్థం కాదు. పక్కింటి పండక్కి మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి, తిని రానివ్వండి.

చివరికి మీకు దహనమా, ఖననమా? ఏ పద్ధతిలో చేయాలి?

మా చిన్న తమ్ముడు నిజంగానే టెన్షన్ పడి అడిగాడు. మా ఇంటి పద్ధతిలోనే చేయండి, అందులో నాకు పేచీ లేదు. మా బాపుకు ఎట్లా చేశామో నాకూ అట్లాగే. దర్గా నుంచి దోస్తులు వచ్చి ఫాతిహా చదువుతామంటే చదవనివ్వండి, చర్చి నుంచి ఎవరైనా వచ్చి ప్రార్థన చేస్తామంటే చేయనివ్వండి. ఎవరూ రాకపోతే పిలవొద్దు.

మా అబ్బాయికి ఒక్కటే చెప్పాను. పదకొండో రోజు భోజనాల దగ్గర ఒక్కటే పంక్తి వేయాలి, కాటికాపరిని, డప్పు కొట్టినవాళ్లను అందులోనే కూర్చోబెట్టాలి, వాళ్ల పక్కన వాడు కూర్చోవాలి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. పెద్దమ్మ వాళ్లు లేచి పోతారేమో బాపూ అన్నాడు. పోనీ, వాళ్ల కోసం వేరే విస్తరి మాత్రం వేయొద్దు అన్నాను. సరే అన్నాడు.